ముందు గదంతా ప్లైవుడ్డే, చుట్టాలను ఎక్కడ పడుకోబెట్టను?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. నాకు 37, మా ఆయనకు 43. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. ఎనిమిది నెలలుగా ఆయన ఇంట్లో వీడియో గేమ్ పెట్టె తయారుచేస్తున్నారు. పాతకాలం షాపుల్లో బిళ్ళ వేసి నిలబడి ఆడేవారే, అలాంటిది. ముందు గది నిండా ప్లైవుడ్ ముక్కలు, వైర్లు, పాత సామాన్ల అంగడిలో కొన్న డబ్బా టీవీ. ఇప్పటికి 26 వేలు దాటింది. అందులో 9 వేలు పాప స్కూలు ఫీజుకని నేను తీసిపెట్టినవి, నాకు చెప్పకుండా వాడేశారు. రంపం పొడికి మా అత్తగారు ఒకటే దగ్గు. పోయిన నెల మా పిన్ని వాళ్లు దర్శనానికొస్తే ఐదుగురిని వంటింట్లో పడుకోబెట్టాను. తల కొట్టేసినట్టయింది. అడిగితే "ఇంకో పది రోజుల్లో అయిపోతుంది" అంటారు. ఎనిమిదో తరగతి చదివే పాప కూడా ఆయన పక్కనే చేరుతోంది. అదంతా పాత సామాన్లకు వేసేద్దామనిపిస్తోంది. తప్పా?

జవాబు: వేసేయకండమ్మా. మీ కోపంలో న్యాయం ఉంది. కానీ ఆ పని చేశారంటే ఎనిమిది నెలలుగా ఆయనది అయిన తప్పు ఒక్క పూటలో మీదైపోతుంది.

తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు ముందు గది అంటే సగం సత్రం. రాత్రి పదింటికి ఫోన్ వస్తుంది, "టికెట్ దొరికిందమ్మాయ్, తెల్లారేసరికి దిగుతాం" అని. చాపలు, దిండ్లు వెతికేది మీరు, పొద్దున్నే నీళ్లు కాచేది మీరు. ఆయన ప్లైవుడ్ పరిచింది మీ మర్యాద మీద. ఈ మాట ఆయనకు ఇలాగే చెప్పండి. గది ఇరుకైందంటే మగవాళ్లకు ఎక్కదు.

ఇక ఆ 9 వేల విషయంలో రాజీ వద్దు. వచ్చే రెండు జీతాల్లో ఆ డబ్బు తిరిగి అదే చోటికి చేరాలి. అంతవరకు ఒక్క స్క్రూ కూడా కొనకూడదు.

డబ్బా టీవీ మాటకొస్తే, దాని వెనక మూత తీసి చెయ్యి పెట్టే అలవాటుంటే ఇవాళే ఆపించండి. ప్లగ్గు పీకేశాక కూడా దాని పిక్చర్ ట్యూబులో వేల వోల్టుల కరెంటు నిలిచి ఉండొచ్చు. పక్కన పాప కూర్చుంటోంది కదా. పాత ఎల్‌సీడీ మానిటర్ తెచ్చుకోమనండి. వెడల్పాటిది కాకుండా, వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లుండేది దొరికితే పాత ఆటలకు అదే బాగా కుదురుతుంది.

ఇక ఆయన గురించి. 43 ఏళ్లంటే, 1993లో క్యాప్‌కామ్ కంపెనీ 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్' తెచ్చినప్పుడు ఆయన బడికెళ్లే పిల్లాడు. ఆ పేరు నోరు తిరక్క మన పిల్లలు అందులో ఒక పాత్ర పేరుతో 'ముస్తఫా' ఆట అనేవాళ్లు. రూపాయి బిళ్ళ చేతిలో లేక, వేరేవాళ్లు ఆడుతుంటే వెనకాల నిలబడి చూసినవాళ్లు ఎంతమందో. ఆయన ఏ రకమో నాకు తెలీదు, ఒకరోజు గొడవ లేని పూట చూసి అడగండి. అప్పట్లో చాలావరకు ఒక్కో పెట్టెలో ఒక్కో ఆటే. 1997లో మొదలైన 'మేమ్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చాక అలాంటి ఆటలు వందల కొద్దీ మామూలు కంప్యూటర్లో ఆడుకునే వీలొచ్చింది. ఆయన కష్టపడుతున్నది ఆటల కోసమే అయితే ఒక ల్యాప్‌టాప్ చాలు. ఆయనకు ఆ పెట్టే కావాలి.

"పది రోజులు" అన్నది ఆయన మిమ్మల్ని మోసం చేయడానికి అనడం లేదు, ముందు తనే నమ్ముతున్నారు. (మా ఇంటి వరండాలో విప్పిన స్కూటరు ఒకటి నాలుగేళ్లు ఉంది, అదీ పది రోజుల పనే.) సగంలో ఉన్న వస్తువు ఇంటికి చేసే ఇబ్బంది, పూర్తయినది చేయదు. అందుకే ఆపమనకండి, తగ్గించమనండి. నిలబడి ఆడే పెట్టె ఐదున్నర, ఆరడుగులుంటుంది. బల్లమీద పెట్టుకునే పొట్టి రకమూ ఉంది. స్క్రీను, జాయ్‌స్టిక్, బటన్లు అవే, కింది భాగం ఉండదంతే. చుట్టాలొస్తే ఎత్తి బీరువా పక్కన పెట్టొచ్చు. కోతపని ఇంట్లో వద్దు, కార్పెంటరు దగ్గర కోయించుకు రమ్మనండి. అత్తగారికి ఆ పొడి అస్సలు మంచిది కాదు.

పాప గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, అదీ ఫిర్యాదులాగే. ఒకసారి తన పక్కన కూర్చుని, బటన్ నొక్కితే బొమ్మెలా ఎగురుతుందని అడగండి. 30 ఎంఎం రంధ్రంలో బటన్, దాని కింద 'టిక్' మనే చిన్న స్విచ్చి. ఒక వైరు సర్క్యూట్ బోర్డులో తన చోటికి పోతుంది, రెండోది బటన్ నుంచి బటన్‌కు గొలుసులా అన్నిటినీ కలుపుతూ పోతుంది. ఇదంతా తను గడగడా చెప్పేస్తే ఆ 26 వేల లెక్క మీకు కొంచెం వేరేగా కనిపించొచ్చు. హోంవర్క్ అయ్యాకే, రాత్రి తొమ్మిది వరకే అని మాత్రం గట్టిగా చెప్పండి.

పొట్టి పెట్టెకు ఆయన ససేమిరా అంటే, ఆదివారం మీరే టేపు తీయండి. ఒక కొస పాపను పట్టుకోమని ముందు గది తలుపు వెడల్పు కొలవండి. పూర్తిగా బిగించాక గుమ్మం దాటని పెట్టెలు ఉంటాయి. వచ్చిన అంకెను ఆయన ప్లైవుడ్ మీదే పెన్సిల్‌తో రాసి పెట్టండి.