తాతమ్మ ఆస్పత్రి రికార్డు అడిగే హక్కు నాకుందా?

ప్రశ్న: మా నాన్నమ్మ వాళ్ల అమ్మను 1950లో విశాఖపట్నం మెంటల్ ఆస్పత్రిలో చేర్పించారట. తర్వాత ఏమయ్యారో ఇంట్లో ఎవరూ నోరు విప్పరు. రికార్డులు అడగవచ్చా? ఇవన్నీ తవ్వితే పరువు నష్టం కేసు వేస్తానంటున్నారు పెదనాన్న.

జవాబు: నిరభ్యంతరంగా అడగవచ్చమ్మా. ఆస్పత్రి పౌర సమాచార అధికారికి ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తు పెట్టండి, ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు. "వ్యక్తిగత సమాచారం, ఇవ్వం" అంటారేమో, దానికి జవాబు అదే చట్టం సెక్షన్ 8(3)లో ఉంది: 20 ఏళ్లు దాటిన సంఘటనలకు ఆ మినహాయింపు వర్తించదు. ఈ సెక్షన్ నంబరు దరఖాస్తులోనే రాసేయండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని గోప్యత కూడా అడ్డం పెట్టొచ్చు, అందుకే "ఫైలంతా ఇవ్వండి" అనకుండా చేర్చిన తేదీ, ఎవరు తీసుకొచ్చారు, డిశ్చార్జ్ అయ్యారా అక్కడే పోయారా, ఏ రోజున అని విడివిడిగా అడిగి, కేస్ షీట్ నకలు చివర్లో అడగండి. పుట్టింటి ఇంటిపేరు, భర్త పేరు రెండూ రాయండి, పాత రిజిస్టర్లలో ఆడవాళ్లను "ఫలానావారి భార్య" అని రాసినవే ఎక్కువ. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, కాదన్నా, మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి.

చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. అప్పట్లో మానసిక రోగులను ఆస్పత్రిలో చేర్చడానికి 1912 నాటి లూనసీ చట్టం నడిచేది. బంధువులు పిటిషన్ పెట్టి, ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లు జతచేస్తే మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇచ్చేవారు. కోర్టు కట్టలు గడువు తీరాక ధ్వంసం చేసేస్తారు, కానీ ఆ నకళ్లు ఆస్పత్రి ఫైల్లో మిగిలే అవకాశం ఉంది. ఓ క్లయింటుకి అలాంటి కాగితం చేతికొచ్చింది. బిడ్డ పోయినప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదని భర్త పిటిషన్‌లో రాశాడు, కింద వేలిముద్ర. డెబ్భై ఏళ్లు "పిచ్చిది" అని ఇంట్లో చెప్పుకున్న మనిషి ఆవిడ. ఆ కాగితం చూసి నాకూ కళ్లు చెమర్చాయి.

మరణం నమోదై ఉంటే మున్సిపల్ రిజిస్టర్‌లో వెతికించి సర్టిఫికెట్ తీసుకోవచ్చు. అయితే దానిమీద చావుకి కారణం రాయరు, చట్టమే ఒప్పుకోదు. కారణం కావాలంటే కేస్ షీటే దిక్కు.

ఇక పరువు నష్టం. చనిపోయినవారి గురించి రాసినా నేరం కావచ్చు, కానీ దగ్గరి బంధువుల మనసు నొప్పించాలన్న ఉద్దేశం ఉండాలి (భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356). మీ తాతమ్మ గురించి మీరు దరఖాస్తు పెట్టి తెలుసుకోవడం దాని కిందికి రానే రాదు, పెదనాన్నగారికి ఆ మాట నెమ్మదిగా చెప్పండి.