టెక్ సందేహాలు: పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేయించమంటారా?

2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆపేసింది. అప్పట్నుంచి చెన్నై పాఠకుల మెయిల్స్‌లో విండోస్ బదులు వేసుకోగల లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పేరు తరచూ కనిపిస్తోంది కాబట్టి ఈసారి అన్నీ దాని మీదే. లినక్స్ మంచిదేనా అని అడిగితే నేను ఎదురు అడిగేది ఒక్కటే: మీకు ఏ ప్రోగ్రాం లేకపోతే రోజు గడవదు?

రైల్వేలో రిటైరయ్యాను, పెరంబూరులో ఉంటాం. నా ల్యాప్‌టాప్ ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్. విండోస్ 11 ఎక్కదట. రిచీ స్ట్రీట్ కంప్యూటర్ షాపుల్లో అడిగితే "ఏదో ఒకటి చేసి 11 వేసిస్తాం సార్" అన్నారు. మా మనవడేమో లినక్స్ వేసుకో తాతయ్యా అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

మనవడి మాట వినండి. అయితే షాపువాళ్లు చేసే "ఏదో ఒకటి" ఏంటో కూడా తెలుసుకోండి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి ఉండాలి, ఇది మైక్రోసాఫ్ట్ పెట్టిన నియమం. ఆ తనిఖీని తప్పించి ఎక్కించే దారులు ఉన్నాయి, ఎక్కుతుంది కూడా, కానీ అలా ఎక్కించిన మెషీన్‌కి అప్‌డేట్లు వస్తాయన్న హామీని మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. అప్‌డేట్ల కోసమే కదండీ ఈ గోలంతా! పైగా లైసెన్స్ కొనకుండా "యాక్టివేటర్" అని ఏదో ఫైల్ నడిపిస్తే అందులో ఏముందో నడిపిన కుర్రాడికీ తెలియదు, మీరేమో అదే ల్యాప్‌టాప్‌లో పెన్షన్ అకౌంట్ తెరుస్తారు.

ఇప్పటికిప్పుడు మారే ఓపిక లేకపోతే, ఇళ్లలో వాడేవాళ్లకు మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 వరకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో దానికి నమోదు చేసుకోవచ్చు. అది కాస్త గడువు పొడిగింపు, అంతే.

మీ మెషీన్‌కి నేను చెప్పేది లినక్స్ మింట్. కింద మెనూ, మూలన గడియారం, డెస్క్‌టాప్ మీద ఫోల్డర్లు, అంతా విండోస్ అలవాటు ఉన్నవాళ్లకు తెలిసిన చోటే ఉంటాయి. ర్యామ్ 2 జీబీ ఉన్నా నడుస్తుంది, మీకు 8 ఉంది. మింట్ 22 వరుసకు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి, డబ్బు కట్టక్కర్లేదు. లినక్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరైనా తీసుకుని తమకు కావాల్సినట్టు మార్చి పంచుకోవచ్చు, అందుకే డెబియన్, ఉబుంటు, ఫెడోరా, మింట్ అని ఇన్ని రకాలు. పాత మెషీన్లను పట్టించుకునేవాళ్లు కూడా అలా మార్చేవాళ్లలో ఎప్పుడూ కొందరు ఉంటారు.

ముందు ఇన్‌స్టాల్ చేయకండి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రూఫస్ అనే చిన్న ప్రోగ్రాంతో మింట్‌ని ఎక్కించి, దాని నుంచే ల్యాప్‌టాప్ ఆన్ చేయమని మనవడితో చెప్పండి. హార్డ్‌డిస్క్‌ని ముట్టుకోకుండానే మింట్ మొత్తం తెర మీదకు వస్తుంది. వైఫై దొరుకుతోందా, సౌండ్ వస్తోందా, కెమెరా పనిచేస్తోందా, మూత వేసి తీస్తే మళ్లీ లేస్తోందా, ఇవన్నీ చూసుకోండి. ఎక్కువగా ఇబ్బంది పెట్టేది వైఫైయే, అందులోనూ బ్రాడ్‌కామ్ చిప్ ఉంటే డ్రైవర్ (ఆ చిప్‌ని నడిపించే ప్రోగ్రాం) విడిగా వేసుకోవాల్సి రావచ్చు. అన్నీ బాగుంటే ఫోటోలు, కాగితాలు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకుని అప్పుడు వేయించండి. వాట్సాప్‌కి లినక్స్‌లో కంపెనీవాళ్ల యాప్ లేదు, బ్రౌజర్‌లో వాట్సాప్ వెబ్ వాడుకోవాలి. జూమ్‌కి మాత్రం ఉంది.

ఒకవేళ ఆ ల్యాప్‌టాప్‌లో ఇంకా తిరిగే హార్డ్‌డిస్కే ఉంటే, రిచీ స్ట్రీట్‌కి వెళ్లాల్సింది ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) కోసం. ఏ సిస్టమ్ వేసినా వేగంలో తేడా దానితోనే ఎక్కువ తెలుస్తుంది.

షావుకారుపేటలో హోల్‌సేల్ షాపు. నాలుగు కంప్యూటర్లు, అన్నిట్లో టాలీ. లైసెన్స్ ఖర్చు తగ్గుతుందని లినక్స్‌కి మారదామనుకుంటున్నాను.

వద్దండీ. టాలీప్రైమ్ విండోస్ కోసం చేసింది. విండోస్ ప్రోగ్రాంల కోసం వైన్ అనే ప్రోగ్రాం పెట్టి లినక్స్‌లో నడిపించామని చెప్పేవాళ్లు ఉంటారు కానీ, నెలాఖరున జీఎస్‌టీ రిటర్న్ వేయాల్సిన రోజున అది మొరాయిస్తే ఆ టెన్షన్ మీది. ఆడిటర్ ఇచ్చిన డిజిటల్ సంతకం టోకెన్‌కి డ్రైవర్ దొరకడం ఇంకో తంటా. నాలుగింట్లో ఒకదాన్ని బ్రౌజర్‌కీ, రేట్ల పట్టికలు టైప్ చేయడానికీ మాత్రమే వాడుతుంటే దానికి లినక్స్, ఎమ్మెస్ ఆఫీస్ లాంటి లిబ్రెఆఫీస్ చాలు. ప్రింటర్ ఏదో చూసుకోండి. మన షాపుల్లో ఎక్కడ చూసినా కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900కి కాప్ట్ అనే వాళ్ల సొంత డ్రైవర్ కావాలి, దాన్ని కొత్త లినక్స్‌లలో పనిచేయించడం తలనొప్పి. హెచ్‌పీ ప్రింటర్లతో సాధారణంగా ఆ బాధ ఉండదు.

రాయపేటలో తెలుగు డీటీపీ చేస్తాను. శుభలేఖలు, కరపత్రాలు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు. లినక్స్‌లో కుదురుతుందా?

పాత ఫైళ్లతో కుదరదు. అను ఫాంట్లు యూనికోడ్ (ఏ ఫోన్‌లో, కంప్యూటర్‌లో అయినా అవే అక్షరాలుగా చదివే పద్ధతి) కావు, ఆ ఫాంట్ లేని చోట మీ "శ్రీరస్తు శుభమస్తు" అర్థంలేని గుర్తుల వరుసగా కనిపిస్తుంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, అడోబీయే దాన్ని వదిలేసి చాలా కాలమైంది. ఇన్నేళ్ల డిజైన్లు మాత్రం అందులోనే ఉన్నాయి కదా. అందుకని పాత సిస్టమ్‌ని అలాగే ఉంచండి, ఇంటర్నెట్ తీసేయండి, రీప్రింట్లకు మాత్రం వాడండి.

కొత్త పనులు యూనికోడ్‌లో మొదలుపెట్టండి, అసలు లినక్స్‌తో సంబంధం లేకుండా ఇది చేయాల్సిన పనే, ఎందుకంటే కస్టమర్లు ఇప్పుడు మేటర్‌ని వాట్సాప్‌లో యూనికోడ్‌లోనే పంపుతున్నారు, మీరు దాన్ని అనులోకి మళ్లీ మార్చుకుంటున్నారు. పేజీలు కట్టడానికి స్క్రైబస్ ఉంది. ఒకప్పుడు అందులో తెలుగు ఒత్తులు చెదిరిపోయేవి, 2024లో వచ్చిన 1.6 నుంచి స్థిరమైన వెర్షన్‌లోనే మన లిపికి సపోర్ట్ వచ్చింది. బొమ్మలకూ కార్డులకూ ఇంక్‌స్కేప్ హాయిగా ఉంటుంది. ఫాంట్లకు కొదవలేదు: మండలి, రామభద్ర, సురన్న, ధూర్జటి లాంటివి ఓపెన్ లైసెన్స్‌తో ఉన్నాయి, వ్యాపారానికి వాడుకున్నా ఎవరూ అడగరు. పోతన, వేమన ఫాంట్లయితే డెబియన్, ఉబుంటు ప్యాకేజీల్లోనే దొరుకుతాయి. టైపింగ్‌కి ఐబస్ అనే కీబోర్డు ప్రోగ్రాంలో ఎం17ఎన్ అనే లేఅవుట్ల కట్ట వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్‌తో పాటు యాపిల్ లేఅవుట్ కూడా ఉంది, వేళ్లకు కొత్తగా నేర్పించే పని తగ్గుతుంది. రెండు మూడు చిన్న జాబులు చేసి చూడండి. నచ్చకపోతే ఇవన్నీ విండోస్‌లోనూ నడుస్తాయి, నష్టం లేదు.

గిండీ దగ్గర ఇంజనీరింగ్ చదువుతున్నాను. సీనియర్లు లినక్స్ రాకపోతే ఉద్యోగం రాదంటున్నారు. విండోస్ పక్కనే లినక్స్ కూడా వేసే డ్యూయల్ బూట్ చేయమంటారా అన్నా?

సీనియర్లు కాస్త పెంచి చెప్పారు కానీ అసలు విషయం నిజమే. నువ్వు రాసే ప్రోగ్రాం రేపు నడిచేది ఎక్కువగా లినక్స్ సర్వర్ల మీదే. ప్రపంచంలోని టాప్ 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబర్ నుంచీ అన్నీ లినక్స్‌వే, నీ జేబులో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే దాని కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) కూడా అదే. 1991లో హెల్సింకీలో చదువుకుంటూ లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు సరదాకి మొదలుపెట్టిన పని ఇది.

డ్యూయల్ బూట్ ఇప్పుడే వద్దు. విండోస్‌లోనే లినక్స్‌ని నడిపించే డబ్ల్యూఎస్‌ఎల్ వేసుకో, ఒక్క కమాండ్‌తో ఉబుంటు టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే తెర) వచ్చేస్తుంది. ఫైళ్లు, పర్మిషన్లు, ఎస్‌ఎస్‌హెచ్, గిట్, చిన్న షెల్ స్క్రిప్టులు, ఇవన్నీ అక్కడే వచ్చేస్తాయి. తర్వాత ఒక సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ దొరికితే దాంట్లో డెబియన్ వేసి హాస్టల్ గదిలోనే సర్వర్‌లా నడిపి చూడు, పాడైతే మళ్లీ వేసుకో. మెయిన్ ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉండనీ. ప్లేస్‌మెంట్ పరీక్షల్లో పెట్టే నిఘా సాఫ్ట్‌వేర్లు చాలావాటికి విండోసో మ్యాకో కావాలి. ఎంత చెప్పినా డ్యూయల్ బూటే చేస్తానంటే, మొదట బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకో. అది లేక సొంత డిస్క్‌నే తెరవలేని పరిస్థితి రావచ్చు.

మన చెన్నైలోనే తయారైన బాస్ లినక్స్, భరోస్ వాడొచ్చా?

బాస్‌ని తయారుచేసేది కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్‌కి చెందిన చెన్నై కేంద్రం, దానికి ఆధారం డెబియన్. భారతీయ భాషలకు మంచి సపోర్ట్ ఉంది, ప్రభుత్వ ఆఫీసుల కోసం చేసింది. ఇంట్లో వాడినా తప్పులేదు, కానీ చిక్కొస్తే నెట్‌లో జవాబులు మింట్, ఉబుంటులకు దొరికినన్ని దొరకవు. భరోస్ వేరే సంగతి. ఐఐటీ మద్రాస్ ప్రోత్సాహంతో మొదలైన సంస్థ 2023 జనవరిలో బయటపెట్టిన ఫోన్ సిస్టమ్ అది, ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ కోడ్ మీదే కట్టారు. గోప్యత బాగా అవసరమైన సంస్థల్ని దృష్టిలో పెట్టుకుని చేశారు, షాపులో అడిగి వేయించుకునేది కాదు.

ఫోన్‌లో ఏదో ఒకటి చేసి చూడాలని చేతులు దురద పెడుతుంటే ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ కోడ్‌తోనే చేసిన లీనియేజ్ ఓఎస్ ఉంది. బ్యాంక్ యాప్‌లు, యూపీఐ యాప్‌లు కొన్ని అలాంటి ఫోన్లలో తెరుచుకోవు కాబట్టి రోజూ డబ్బు కట్టే ఫోన్ జోలికి వెళ్లకండి. ఇంట్లో పాత ఫోన్ ఖాళీగా పడి ఉంటే దాంట్లో చేసుకోండి, మీ మోడల్ వాళ్ల జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే.