పర్లాకిమిడిలో ఉంటూ పాతపట్నంలో ట్రాక్టర్ ట్రాలీ కొనవచ్చా?

ఆంధ్రాలోని పాతపట్నంలో రెండు చక్రాల ట్రాలీ చవగ్గా దొరుకుతోంది, ఒడిశాలోని పర్లాకిమిడికి తెచ్చుకోవచ్చా అని అడిగారు. తెచ్చుకోవచ్చు. కానీ ధర కంటే ముందు బరువు సంగతి చూడండి.

రెండు చక్రాల ట్రాలీ బరువులో కొంత ట్రాక్టర్ కొక్కెం మీద పడుతుంది. బురదలో వెనక టైర్లకు పట్టు దొరికేది అందుకే. అలాగని వరి బస్తాలన్నీ ముందువైపే కుక్కితే, గట్టు ఎక్కేటప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు లేస్తాయి. మాకు ఒకసారి లేచాయి, ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది. ఇరుసుకి వెనక ఎక్కువ వేసినా తంటాయే, కొక్కెం పైకి తన్నుతుంది. నాలుగు చక్రాలదైతే ఈ గొడవ తక్కువ, కానీ వెనక్కి నడపడం కష్టం.

కొత్త రంగు చూసి మురిసిపోకండి. కింద దూరి ఇరుసు దగ్గర, కొక్కెం దగ్గర వెల్డింగ్ అతుకులు చూడండి.

ట్రాలీకి ట్రాక్టర్‌తో సంబంధం లేకుండా వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది. కొత్తదైతే ఫారం 21 (డీలర్ ఇచ్చే అమ్మకం సర్టిఫికెట్) తీసుకుని, ఒడిశాలోనే రిజిస్టర్ చేయించండి. ఆంధ్రా నంబరున్న పాతదైతే అక్కడి రవాణా ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) అడగండి. 12 నెలలు దాటి ఇక్కడే ఉంచుకుంటే ఒడిశా నంబరు తీసుకోవాల్సిందే.