కంపానియన్‌తో పడట్లేదా? ముందు నీళ్ళు పట్టమనండి

మీ తమ్ముడు మిషన్ మీద, అంటే మా క్రైస్తవ సంఘం తరఫున మతప్రచారానికి, హైదరాబాద్ వచ్చాడు, ఏరియా మారింది, జతగా వేసిన కొత్త కంపానియన్ మొహం చూసి మాట్లాడడు, ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తున్నాడు, వాడికి ఏం చెప్పాలి అని అడిగారు. ఇలాంటప్పుడు "ఇద్దరూ కూర్చుని మనసు విప్పి మాట్లాడుకోండి" అని సలహా ఇచ్చేవాళ్ళు బోలెడుమంది. వాళ్ళెవరూ మిషన్ చేసినవాళ్ళు కాదని బల్లగుద్ది చెప్పగలను. మాట్లాడుకోవడానికి ముందు ఇద్దరి మధ్యా ఏదో ఒక పని ఉండాలి కదండీ.

అసలు మీరు వారం వారం వాడి గొంతు వింటున్నారు, అది ఎంత అదృష్టమో మీకు తెలీదు. 2019 ఫిబ్రవరికి ముందు క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ తప్ప ఇంటికి ఫోన్ లేదు. పీ-డే నాడు, అంటే వారానికోసారి సొంత పనులకిచ్చే రోజున, ఈమెయిల్, అంతే. నేను ఆ కాలం వాణ్ణి. ఏడుపొస్తే దిండుకే చెప్పుకోవాలి.

మాది రాజమండ్రి. మా కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో (మోర్మన్లు అంటారే, మేమే) మిషన్ అంటే అబ్బాయిలకు రెండేళ్ళు, అమ్మాయిలకు ఏడాదిన్నర. జీతం ఉండదు, ఇంటివాళ్ళే నెలనెలా డబ్బు కడతారు. మా పెదనాన్నకి ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. ఇప్పటికీ ఏ పెళ్ళిలో కనబడినా పదిమంది ముందు "ఫారిన్ వాళ్ళు ఎంత ముట్టజెప్పార్రా" అంటాడు. మా నాన్న ఆటో ఈఎంఐలు ఆపుకుని కట్టిన డబ్బు గురించి మాత్రం ఎవరూ అడగరు.

సరే, విషయానికొస్తాను. నన్ను సికింద్రాబాద్‌లో వారాసిగూడ వైపు వేశారు. మన దేశంలో సంఘానికి మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన పెద్ద విభాగం, 2012లో వచ్చింది హైదరాబాద్‌లోనే, తెలుగు సభ్యులకి కొదవ లేదు, ఇంక నాకేం టెన్షన్ అనుకుంటూ దిగాను. దిగిన రోజే కిరాణా కొట్టాయన నా "ఆయ్" విని నవ్వాడు. అడ్రసుల సంగతి చెప్పక్కర్లేదు. "గుడి ఎనుక సందుల పచ్చ గేటు" అంటారు, ఆ సందులో మూడు పచ్చ గేట్లు.

కంపానియన్ కోయంబత్తూరు వాడు. సీనియర్. తెలుగు నాలుగు ముక్కలు, వంట సున్నా. పొద్దున ఆరున్నరకి లేచామా, చదువుకున్నామా, బయల్దేరామా, అంతే. మా నియమం ప్రకారం ఒకరిని వదిలి ఒకరు సందు చివరికి కూడా వెళ్ళకూడదు. అంటే అలిగి బయటికి వెళ్ళిపోవాలన్నా అతన్నే వెంటబెట్టుకుని వెళ్ళాలి!

ఒకరోజు ఇంకా తెల్లారకముందే కింది గదిలో ఉండే అవ్వ తలుపు బాదింది. "నల్లా వచ్చింది, లేవుండ్రి!" అక్కడ మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు, అదీ వేళాపాళా లేకుండా వచ్చేవి. 2015 నుంచి ఎల్లంపల్లి దగ్గర మా గోదావరి నీళ్ళు కూడా ఈ ఊరికి తోడి పంపుతున్నారు, అయినా ఎవరూ గోదావరి అనరు, అన్నీ మంజీరాయే. ఆ వేళ ఓనరు మోటారు కాలిపోయి ఉంది. మాది రెండో అంతస్తు. అతను బకెట్లు నింపడం, నేను మొయ్యడం. మావి నిండాక, ఎవరూ చెప్పకుండానే అతను పైపు తీసి అవ్వ డ్రమ్ములో పెట్టాడు.

పనయ్యాక అవ్వ రెండు గ్లాసుల చాయ్ తెచ్చింది. మేం టీ, కాఫీ ముట్టం. నేను "క్షమించాలి అమ్మగారూ, మా సంఘ నియమము ప్రకారము" అంటూ మొదలుపెట్టాను. ఆవిడ మొహం మాడిపోయింది. "ఏం, మా ఇంట్ల తాగరా?" అంది. ఆ ప్రశ్న వెనక ఏముందో మన ఊళ్ళలో పెరిగిన ఎవరికైనా తెలుసు. ఇంటికొచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళినవాళ్ళని ఆవిడ ఎంతమందిని చూసిందో. నాకు నోట మాట రాలేదు.

మా కంపానియన్ మాత్రం వెళ్ళి గడపలో కూర్చుని, పొట్ట చూపించి, "అవ్వా, ఆకలి" అన్నాడు.

రాత్రి అన్నం, పచ్చిపులుసు పెట్టింది. ఇద్దరం తిన్నాం. అతను మళ్ళీ అడిగి పెట్టించుకున్నాడు. "చాయ్ తాగకుంటే పాయె, కడుపు నిండ తినుండ్రి" అంది అవ్వ. తర్వాత ఆ సందులో మాకు పరిచయమైన ఇళ్ళలో సగం ఆవిడ చెప్పినవే.

మెట్లెక్కుతుంటే అతను మొదటిసారి నవ్వాడు. "బ్రదర్, నువ్వు మాట్లాడితే రేడియో వార్తల్లా ఉంటుంది" అన్నాడు, వచ్చీరాని హిందీలో. ఆ రోజు నుంచి ఉప్మాలో ఉప్పెంత, ఇస్త్రీ వంతు ఎవరిది అని పోట్లాడుకునేంత దగ్గరయ్యాం. మనసు విప్పి మాత్రం ఏమీ మాట్లాడుకోలేదు.

కాబట్టి ఈసారి ఫోన్ వచ్చినప్పుడు "ఎలా ఉన్నావు" అని అడక్కండి, మళ్ళీ ఏడుస్తాడు. నీళ్ళు ఎన్నింటికి వస్తున్నాయి, వంట ఎవరు చేస్తున్నారు అని అడగండి. ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్లు ఉంటాయి, ఈ కంపానియన్ ఎలాగూ శాశ్వతం కాదు. పచ్చడి పంపేటట్టయితే ఇద్దరికీ సరిపడా పంపండి. ఆవకాయ వద్దు, ట్రావెల్స్ బస్సులో నూనె కారి చొక్కాలన్నీ పాడవుతాయి, వాళ్ళవి ఎక్కువగా తెల్ల చొక్కాలే. కందిపొడి పంపండి.