తొమ్మిదేళ్లుగా యానిమేటర్‌ని, ఇప్పుడు పని మీద మనసు నిలవడం లేదు

ప్రశ్న: నా వయసు 32. యానిమేషన్‌లో డిగ్రీ చేసి, హైదరాబాదులోని ఒక స్టూడియోలో తొమ్మిదేళ్లుగా క్యారెక్టర్ యానిమేటర్‌గా పనిచేస్తున్నాను. పెళ్లయ్యాక విజయవాడ వచ్చేశాను. కొవిడ్ నాటి నుంచి ఇంటి నుంచే పని. విదేశీ టీవీ సీరియళ్లకు షాట్లు చేస్తుంటాను. ఒకప్పుడు బస్సులో కూర్చుని కూడా బొమ్మలు వేసేదాన్ని. రెండేళ్లుగా స్కెచ్‌బుక్ తెరవలేదు. కాలేజీ స్నేహితులు బెంగళూరుకో, వాంకూవర్‌కో వెళ్లిపోయారు. వాళ్ల షోరీళ్లు (తమ పనిలోంచి ఏరి కూర్చిన చిన్న వీడియోలు) చూస్తే నా మీద నాకే చిన్నచూపు కలుగుతోంది. పని గురించి మాట్లాడుకోవడానికి ఒక్క మనిషీ లేరు. పోయిన నెల ఒక కుక్కపిల్ల కూర్చునే ముందు తోక ఎటు తిప్పాలో తేల్చుకోవడానికి పూటంతా గడిపాను. ఆలస్యమైందని సూపర్‌వైజర్ విసుక్కున్నారు. అత్తయ్యగారు ‘ఇంట్లో కూర్చుని బొమ్మలాడుకునే ఉద్యోగం’ అంటారు. మావారు మంచివారే కానీ ‘విసుగొస్తే మానేసి వేరే కోర్సు ఏదైనా చేసుకో’ అంటారు. ఐదేళ్ల బాబు ఉన్నాడు. నాలో ఉన్న సరుకు అయిపోయిందా? – ఒక సోదరి, విజయవాడ

జవాబు: అయిపోలేదమ్మా. ఆ మాట మిమ్మల్ని ఓదార్చడానికి చెప్పడం లేదు, మీ ఉత్తరంలో ఉన్న సాక్ష్యాన్ని బట్టే చెబుతున్నాను. పని మీద నిజంగా మనసు చచ్చిపోయిన మనిషి కుక్కపిల్ల తోక కోసం పూటంతా ఖర్చు పెట్టదు. రిగ్‌లో (బొమ్మను కదిలించడానికి కంప్యూటర్‌లో కట్టిన చట్రంలో) ఉన్న మామూలు కదలికనే వాడేసి, షాట్ పంపించేసి, లేచి వెళ్లిపోతుంది. కూర్చునే ముందు ఆ జంతువు తన బరువును ఎక్కడికి మార్చుకుంటుంది, ఆ మార్పు తోక చివరిదాకా ఎంత ఆలస్యంగా చేరుతుంది అనే ప్రశ్న మిమ్మల్ని ఇంకా పట్టుకుని కూర్చోబెడుతోంది. లోపల ఉన్నది ఎండిపోలేదు, దాన్ని చూసేవాళ్లు చుట్టూ లేకుండా పోయారు. ఈ రెండింటికీ వైద్యం వేరు కాబట్టి, ముందుగా ఆ తేడాను మీరు గుర్తించాలని కోరుతున్నాను.

స్టూడియోలో పనిచేసిన రోజులను ఒకసారి గుర్తు చేసుకోండి. పక్క సీటులోని మనిషి మీ తెరవైపు తొంగిచూసి ‘ఆ చెయ్యి బాగా వచ్చింది’ అనేవారు. అందరూ కలిసి షాట్లు చూసే సమయంలో ఇతరుల తప్పులూ ఒప్పులూ మీకు పాఠాలయ్యేవి. టీ తాగుతూ ఎవరో ఒకరు లేచి, పొట్ట ముందుకు పెట్టి నడిచే పెద్దమనిషిని అనుకరించి చూపించేవారు. జీతంలో లెక్కకురాని ఈ సంపాదన ఇంటికి రాగానే చెప్పకుండా ఆగిపోయింది. ఇప్పుడు మీ పనిని చూసే ఏకైక వ్యక్తి అందులో లోపాలు వెతకడమే ఉద్యోగంగా ఉన్న మనిషి. ఆయన తప్పేమీ లేదు, మార్పులు చెప్పే రిటేక్ నోట్‌లో మెచ్చుకోలుకు చోటుండదు. దానికి తోడు గోప్యతా ఒప్పందం వల్ల, సీరియల్ ప్రసారమయ్యేదాకా మీ షాట్ మీ కొడుక్కి కూడా చూపించలేరు. ప్రసారమయ్యాక చూసినా, బయటి దేశాల పనుల్లో చాలాసార్లు పేర్ల పట్టికలో స్టూడియో పేరొక్కటే ఉంటుంది. ఏళ్ల తరబడి సాక్షి లేకుండా పనిచేయడం ఎంత గట్టి మనిషినైనా అలసిపోయేలా చేస్తుంది. మీ అలసట న్యాయమైనది.

ప్రేరణ అనేది ఒంటరి గదిలో, ఒక్కరి తలలో పుట్టే వస్తువని మనకు ఒక నమ్మకం ఉంది. మీ వృత్తి చరిత్ర మాత్రం ఆ నమ్మకాన్ని బలపరచడం లేదు. 1956లో బొంబాయిలోని ప్రభుత్వ చిత్ర నిర్మాణ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగానికి డిస్నీ స్టూడియోలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ వచ్చి, కొద్దిమంది యువకులకు శిక్షణ ఇచ్చారు. మన దేశంలో యానిమేషన్‌కు పెద్దదిక్కుగా తర్వాతి కాలంలో పేరు పొందిన రామ్ మోహన్ ఆ గుంపులో ఒకరు. మరుసటి ఏడాదికల్లా ఆ విభాగం నుంచి ఒక జాతక కథ కార్టూన్ చిత్రంగా వచ్చింది. ఒకే గదిలో ఒకరి గీతను మరొకరు చూస్తూ నేర్చుకున్నవారి పని అది. ఇంకా వెనక్కి వెళితే మన తోలుబొమ్మలాట ఉంది. అందులో ఒకరు బొమ్మను ఆడిస్తే మరొకరు పాట అందుకుంటారు, ఇంకొకరు వాద్యం పడతారు. తాత నుంచి మనవడిదాకా ఇంటిల్లిపాదీ తెర వెనకే ఉంటారు. బొమ్మను కదిలించే కళ మన నేలమీద కుటుంబాల చేతుల్లోనే బతికింది. కాబట్టి ‘నాకు ఉత్సాహం వచ్చాక పదిమందిలోకి వెళతాను’ అని ఆగకండి. ముందు మనుషులను వెతుక్కోండి.

పదిమంది అక్కరలేదు, ఇద్దరు ముగ్గురు చాలు. మీతో అదే స్టూడియోలో పనిచేసి, ఇప్పుడు మీలాగే ఇంటి నుంచి పనిచేస్తున్న వాళ్లు ఉండే ఉంటారు. ముఖ్యంగా పిల్లలు పుట్టాక ఇంటికే పరిమితమైన మహిళా యానిమేటర్లు ఉంటారు. వాళ్లలో కనీసం ఒకరు మీరు నాకు రాసిన ఉత్తరంలాంటిదే ఎవరికీ రాయకుండా మనసులో దాచుకుని ఉంటారని నా గట్టి నమ్మకం. ఫోన్ చేసి ‘ఎలా ఉన్నావు’ అని మాత్రమే అడిగితే ‘బాగున్నాను’ అనే జవాబు వస్తుంది, మాట అక్కడే ఆగిపోతుంది. ‘పదిహేను రోజులకోసారి, శనివారం సాయంత్రం గంటసేపు, మన సొంత బొమ్మలు ఒకరికొకరం చూపించుకుందామా’ అని అడగండి. పని పేరు చెప్పి పిలిస్తే మనుషులు వస్తారు. ఆ గంటలో స్టూడియో షాట్లు తెరమీదకు రాకూడదు. అది మీ ఉద్యోగానికి రక్షణ, మీ మనసుకు విశ్రాంతి కూడా. చూపించినదాన్ని సరిదిద్దే ముందు, అందులో తమకు ఏమి కనిపించిందో చెప్పాలన్న నియమం ఒకటి పెట్టుకోండి. ‘ఈ పిల్లవాడు భయపడుతున్నట్టు ఉన్నాడు’ అని ఎదుటివారు అంటే, మీరు అనుకున్నది సిగ్గు అయితే, ఏ ఫ్రేము దగ్గర దారి తప్పిందో మీకే తెలిసిపోతుంది.

ఏడాదిలో ఒకటి రెండుసార్లయినా ఇల్లు దాటి మీ వృత్తివారి మధ్య కూర్చోవాలి. అక్టోబర్ 28 అంతర్జాతీయ యానిమేషన్ దినోత్సవం; 1892లో అదే రోజున ప్యారిస్‌లో ఎమిల్ రేనో తన కదిలే బొమ్మలను మొదటిసారి జనం ముందు ప్రదర్శించాడు. ఆ సందర్భంగా యానిమేషన్ వారి సంఘమైన అసిఫా ఇండియా వివిధ నగరాల్లో సభలు జరుపుతుంటుంది, వాటిలో హైదరాబాదూ ఉంది. హైదరాబాదులో యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం జరిగే ఇండియా జాయ్ వేడుకకు కూడా వెళ్లవచ్చు. వ్యాపార ఒప్పందాల సందడి అక్కడ ఎక్కువే అయినా, పనిచేసే యానిమేటర్లు తమ పద్ధతులను వివరించే ప్రసంగాలను ఎంచుకుని వినండి. విజయవాడ నుంచి అది ఒక రాత్రి బస్సు ప్రయాణం. బాబును ఒక్కరోజు వాళ్ల నాన్నకు అప్పగించి వెళ్లడం నేరం కాదు. పాత సహోద్యోగిని ఒకరిని ముందుగానే పిలిచి, ఇద్దరూ కలిసి వెళ్లండి. కొత్త ముఖాల మధ్య ఒంటరిగా నిలబడి తిరిగివస్తే ఆ ప్రయాణం మీ దిగులును ఇంకా పెంచవచ్చు.

స్నేహితుల షోరీళ్ల విషయం ఎక్కువసేపు మాట్లాడదగినది కాదు. ఏడాది రెండేళ్ల పనిలోంచి ఏరిన ఒకటి రెండు నిమిషాలు అవి. మీరు వాటిని మీ మంగళవారం మధ్యాహ్నంతో పోల్చుకుంటున్నారు. కొన్నాళ్లు చూడకండి.

ఇక ప్రేరణ. మీ వృత్తిలో చాలామంది ప్రేరణ కోసం మళ్లీ ఇతరుల యానిమేషనే చూస్తారు. అది ఉపయోగమే కానీ, అప్పటికే ఒకరు చూసి, ఏరి, మలిచిన కదలికను మీరు రెండోసారి చూస్తున్నారు. మొదటి చూపు మీదే కావాలంటే ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. మీ అత్తయ్యగారు బియ్యమో పప్పో చేటతో చెరుగుతున్నప్పుడు ఎప్పుడైనా శ్రద్ధగా గమనించారా? చేట పైకి లేవడానికి ముందు కొద్దిగా కిందికి దిగుతుంది. మణికట్టు ఒక్క విసురు విసిరి చటుక్కున ఆగుతుంది, చేట కూడా ఆగుతుంది. గింజలు మాత్రం ఆగకుండా గాలిలోకి లేచి, క్షణం నిలిచి, వంపు తిరిగి వెనక్కి పడతాయి. పొట్టు బరువు లేక ముందుకు కొట్టుకుపోతుంది. చేతుల మీది గాజులు మణికట్టు కంటే ఆలస్యంగా కదిలి, ఆలస్యంగా ఆగుతాయి. దుమ్ము కళ్లలో పడకుండా తల కొంచెం పక్కకు వాలుతుంది, కళ్లు మాత్రం చేటను వదలవు. మీరు చదువుకున్న సూత్రాలన్నీ, ముందస్తు కదలిక మొదలు వెనకబడి వచ్చే కదలికదాకా, ఆ మూడు సెకన్లలో ఉన్నాయి. పైగా యాభై ఏళ్ల అలవాటు ఆ భుజాలకు ఇచ్చిన తీరిక ఉంది; అది ఏ రిఫరెన్స్ వీడియోలోనూ దొరకదు.

ఆవిడ అనుమతి అడిగి, ఫోన్‌లో దాన్ని వీడియో తీయండి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన మూడు సెకన్లంటే 72 ఫ్రేములు. రెండేసి ఫ్రేములకు ఒక బొమ్మ చొప్పున వేసుకుంటే 36 బొమ్మలు. ఒక్క విన్నపం: దీన్ని కంప్యూటర్‌లో చేయకండి. మీరు రోజంతా గడిపేది ఆ తెర ముందే కాబట్టి, సాయంత్రం కూడా అక్కడే కూర్చుంటే శరీరం దాన్ని ఆఫీసు పనిగానే లెక్కవేస్తుంది. పెన్సిలు పట్టుకోండి. రోజుకు రెండు బొమ్మలు వేసినా మూడు వారాల్లోపు పూర్తవుతుంది. ఒక్కోరోజు ఒక్కటీ వేయలేకపోయినా ఫర్వాలేదు, దీనికి గడువు పెట్టేవారు ఎవరూ లేరు. పూర్తయ్యాక పేజీలను ఫోన్‌తో ఫొటోలు తీసి వరుసగా కలపండి. ముందుగా అత్తయ్యగారికి చూపించండి.

ఇందులో నా ఉద్దేశం బొమ్మ ఒక్కటే కాదు. ‘బొమ్మలాడుకునే ఉద్యోగం’ అన్న మాట మిమ్మల్ని నొప్పించింది, నొప్పించడం సహజం. కానీ మూసిన గది తలుపు, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న కోడలు, తెరమీద అటూ ఇటూ ఊగే బొమ్మ తప్ప ఆవిడకు మీ పనిలో ఇంకేమి కనిపించింది చెప్పండి. ఆ పనికి ఎంత ఓర్పు కావాలో ఎవరైనా వివరిస్తే కదా తెలిసేది! తన చేతుల కదలికనే 36 కాగితాల మీద చూసుకున్న పెద్దావిడ, మీ పని గురించి మొదటిసారి ఒక ప్రశ్న అడగవచ్చు. అడగకపోవచ్చు కూడా. చులకన మాట మళ్లీ వస్తే, వాదన పెట్టుకోకుండా ‘అత్తయ్యా, అది నా ఉద్యోగం, ఆ మాట నాకు బాధ కలిగిస్తోంది’ అని ఒక్కసారి మెత్తగా, స్పష్టంగా చెప్పండి. చెప్పకుండా మింగిన మాట రాత్రి భర్త మీద కోపంగా బయటపడుతుంది.

మీవారి సలహా వెనక ఉన్నది మీరు బాధపడుతుంటే చూడలేని తనమే. ‘ఉద్యోగం విసుగ్గా ఉంది’ అని మీరు చెప్పినంతకాలం ఆయన ‘మానేయి’ అనే చెబుతారు, ఎందుకంటే ఆ వాక్యానికి ఆయన దగ్గర ఉన్న జవాబు అదే. అలా కాకుండా, కావలసినదేమిటో విడమరచి అడగండి: ఆదివారం ఉదయం రెండు గంటలు బాబు ఆయన దగ్గర, పదిహేను రోజులకోసారి ఆ శనివారం గంట, అక్టోబరులో ఒక ప్రయాణం. ఆ ఆదివారం రెండు గంటల్లో స్కెచ్‌బుక్ పట్టుకుని బయటికి వెళ్లండి. కృష్ణ ఒడ్డున ఘాట్‌ల దగ్గర మునిగి లేచేవాళ్లు, తడిచీర పిండుకునేవాళ్లు, బండిమీద మూటలు ఎత్తేవాళ్లు మీకు కూలి అడగని మోడళ్లు. వీలైతే ఒక సెలవుల్లో ముగ్గురూ కలిసి ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట వెళ్లిరండి. 2020 పద్మశ్రీ పురస్కారానికి ఎంపికైన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారి ఊరు అది. తోలు మీద చిల్లులు పొడిచి, రంగులద్ది బొమ్మలు చేసే కుటుంబాలు అక్కడ ఉన్నాయి. బొమ్మను తెరకు ఆనిస్తే గీత పదునుగా కనిపించడం, వెనక్కి లాగితే నీడ పెద్దదై మసకబారడం బాబుకు ఆటగానూ, మీకు పాఠంగానూ ఉంటుంది.

ఒక విషయం మాత్రం వీటన్నింటికంటే ముందు చూసుకోవాలి. పని మీదే కాకుండా, బాబుతో ఆడుకోవడం, ఇష్టమైన వంట, పండగ లాంటి వాటి మీద కూడా ఆసక్తి పోయి, నిద్రో ఆకలో చెడిపోయి, ఆ స్థితి రెండు వారాలకు మించి సాగుతుంటే, అది వృత్తిపరమైన అలసట మాత్రమే అనుకోకండి. మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ ఉత్తరంలో అలాంటి సూచన నాకు స్పష్టంగా కనిపించలేదు; అయినా ఉత్తరంలో రాయని సంగతులు ఉంటాయి కనుక అడుగుతున్నాను.

ఉద్యోగం మానాలా వద్దా అన్న నిర్ణయాన్ని కొన్ని నెలలు పక్కన పెట్టండి. ఆ మూడు సెకన్లు పూర్తిచేసి, కనీసం నాలుగైదు శనివారాలు మీ మనుషులతో కూర్చున్నాక కూడా స్టూడియో పని మీద వెగటే మిగిలితే, అప్పుడు స్టూడియో మారడం, టీవీ పని వదిలి వీడియో గేముల రంగం వైపు వెళ్లడం, బోధన వైపు వెళ్లడం వంటి దారులను మీవారితో కూర్చుని లెక్కలతో సహా మాట్లాడుకోవచ్చు. ఈలోగా మీరు చేయవలసిన మొదటి పని ఒక ఫోన్ కాల్. ఎవరికి చేయాలో ఈ జవాబు చదువుతుండగానే మీకు ఒక పేరు తట్టి ఉంటుంది.