బరువు దేని మీద ఉందో చూసుకో

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట గురించి రాత్రి చాలాసేపు ఆలోచించాను. మీ నాన్న మారుతి 800 కారుకి క్లచ్ నువ్వే ఇంట్లో మార్చుకుంటానన్నావు. ఇంజన్ దించాల్సి వస్తుందేమోనని మీ అమ్మ కంగారు పడుతోందన్నావు. అమ్మకు చెప్పు, ఇంజన్ దించక్కర్లేదు. గేర్‌బాక్స్ ఒక్కటి కింద నుంచి తీస్తే సరిపోతుంది. ముప్పై ఏళ్ళు మెకానిక్ షెడ్డులో ఈ పని చేసినవాణ్ణి. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని ఇలా రాస్తున్నాను. సామాన్లు కొనే ముందు ఒకసారి, బండి కింద దూరే ముందు ఇంకోసారి చదువు.

ముందు అసలు క్లచ్ పోయిందో లేదో తేల్చుకో. ఎక్సలేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తోంది గానీ బండి లాగట్లేదు అన్నావు. ఆ లక్షణం, ఇంజన్ బలాన్ని గేర్‌బాక్స్‌కు అందించే క్లచ్ ప్లేటు అరిగితే వస్తుంది, కేబుల్ మరీ బిగుతుగా ఉన్నా వస్తుంది. ఈ బండికి క్లచ్ కేబుల్‌తో పనిచేస్తుంది. ప్లేటు అరిగేకొద్దీ పెడల్ మొదట్లో ఉండే ఖాళీ తగ్గిపోతూ వస్తుంది. చేత్తో పెడల్ నొక్కి చూడు. మొదట ఒకటి రెండు సెంటీమీటర్లు ఏ బరువూ లేకుండా పోవాలి. అలా పోకుండా ముట్టుకోగానే గట్టిగా తగిలితే, పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను వదిలించే రిలీజ్ బేరింగ్, క్లచ్ ప్లేటును బిగించి పట్టే ప్రెషర్ ప్లేటును ఎప్పుడూ కొంచెం నొక్కే ఉంచుతోందన్నమాట. అప్పుడు ప్లేటు బాగున్నా జారుతుంది. కేబుల్ చివర నట్టు కాస్త వదులు చేసి ఒకసారి నడిపి చూడు. అదే జబ్బయితే రూపాయి ఖర్చు లేకుండా పోతుంది.

అయినా జారుతుంటే, చదునైన చోట బండి ఆపి హ్యాండ్ బ్రేకు లాగి, కాలి బ్రేకు తొక్కి పట్టి, మూడో గేరులో వేసి క్లచ్ మెల్లగా వదులు. ప్లేటు బాగుంటే ఇంజన్ అక్కడికక్కడే ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూ ఉంటే ప్లేటు అయిపోయినట్టే. ఈ పరీక్ష ఒక్కసారి చాలు, మళ్ళీ మళ్ళీ చేస్తే మిగిలింది కూడా కాలిపోతుంది.

పాత అంబాసిడర్‌కీ జీపుకీ ఇంజన్ బండి పొడుగునా, దాని వెనక గేర్‌బాక్స్, అక్కడి నుంచి వెనక చక్రాలకు పొడుగాటి షాఫ్టు ఉండేవి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో మూడు సిలిండర్ల ఇంజన్‌ను అడ్డంగా పెట్టి, దాని పక్కనే గేర్‌బాక్స్ తగిలించి, ముందు చక్రాలనే తిప్పారు. అందుకే నీకు పని ఇంత తేలిక. నాలుగు గేర్లదైనా తర్వాత వచ్చిన ఐదు గేర్లదైనా పద్ధతి ఒకటే. ఇప్పటి పెద్ద కార్ల విషయం వేరు. వాటి కింద సబ్‌ఫ్రేమ్ అనే ఇనుప చట్రం దించాలి, కొన్నింటికి బేరింగ్ కూడా ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసేది గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది. అవి ఇంటి ముందు విప్పే బళ్ళు కావు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. ఈ పనిలో కష్టం బోల్టుల దగ్గర లేదు. పదో నంబరు నుంచి పదిహేడు దాకా పానాలుంటే దాదాపు అన్నీ ఊడతాయి. కష్టమంతా బరువు దగ్గరుంది. ప్రతి అడుగులో చెయ్యి ఆపి, ఇప్పుడు ఏ బరువు దేని మీద ఆగి ఉందని అడుగు. దానికి జవాబు తెలియకపోతే తర్వాతి బోల్టు ముట్టుకోకు.

మొదటి బరువు బండిది. డిక్కీలో వచ్చే జాకీ స్టెప్నీ మార్చుకోవడానికే. దాని మీద బండి నిలబెట్టి కింద దూరకూడదు. నేను పనిలో చేరిన రెండో ఏడు సైలెన్సర్ బిగించి అప్పుడే బయటికి జరిగాను, జాకీ ఒరిగి బండి కూలబడింది. బయటికి రావడం ఇంకాస్త ఆలస్యమైతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. కాబట్టి ఇనుప స్టాండ్లు రెండు కొను, లేదా తెలిసిన షెడ్డులో అడిగి తెచ్చుకో. ఇటుకలు, సిమెంటు బిళ్ళలు పెట్టకు. అవి బరువు మోస్తున్నట్టే ఉండి ఒక్కసారిగా పగులుతాయి. కింద సిమెంటు గచ్చు ఉండాలి. మీ ఇంటి ముందు మట్టి నేల మీద వద్దు, మేనత్త వాళ్ళ పోర్టికోలో పెట్టుకో. వెనక చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు వెయ్యి. స్టాండ్ల మీదకు దించాక బండిని పక్క నుంచి గట్టిగా ఊపి చూడు. కదలకపోతేనే కిందకు వెళ్ళు. తీసిన చక్రాలు కూడా బండి కిందే పడుకోబెట్టు. ఏదైనా జరిగితే ఆ కాస్త ఎత్తు ప్రాణం నిలబెడుతుంది. ఒంటరిగా మాత్రం చెయ్యకు. పక్కన ఇంకో మనిషి ఉంటేనే మొదలుపెట్టు.

బ్యాటరీ నెగెటివ్ వైరు ముందే తీసెయ్యి, స్టార్టర్ మోటారుకు వచ్చే లావు వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. గేర్ ఆయిల్ ఒక గిన్నెలోకి వదిలెయ్యి. క్లచ్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, రివర్సు లైటు వైరు, స్టార్టర్, కింద గేరు రాడ్లు ఒక్కొక్కటిగా విప్పుకుంటూ వెళ్ళు. విప్పే ముందు ప్రతిదీ ఫోన్‌తో ఫొటో తీసుకో. మా రోజుల్లో ఈ సౌకర్యం లేదు. గేర్‌బాక్స్ చుట్టూ ఉండే బోల్టులన్నీ ఒకే పొడుగు ఉండవు. ఒక అట్టముక్క మీద గేర్‌బాక్స్ ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడ నుంచి వచ్చిందో అక్కడే గుచ్చిపెట్టు. పొడుగు బోల్టు పొట్టి చోట బిగిస్తే అల్యూమినియం పగిలిపోతుంది.

గేర్‌బాక్స్ నుంచి చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టులు తీయడానికి, చక్రాన్ని కింది ఆర్మ్‌కు కలిపే బాల్ జాయింట్ విడదీస్తే, చక్రం బిగించే హబ్ బయటికి లాగడానికి చోటు దొరుకుతుంది. లోపలి కొస గేర్‌బాక్స్‌లో క్లిప్పుతో పట్టుకుని ఉంటుంది. టైరు లివరుతో ఒక్క తోపు తోస్తే టక్కున ఊడుతుంది. షాఫ్టు పట్టుకుని లాగకు, జాయింటు లోపల విడిపోతుంది. ఊడిన షాఫ్టును వేలాడనివ్వకు, బైండింగ్ వైరుతో పైకి కట్టెయ్యి. ఆ బరువుకు రబ్బరు బూటు చిరిగితే గ్రీజులో మట్టి చేరి జాయింటు పోతుంది.

ఇప్పుడు రెండో బరువు. ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ కలిసి ఫౌండేషన్ రబ్బర్ల మీద కూర్చుని ఉంటాయి. గేర్‌బాక్స్ వైపుది తీయగానే ఇంజన్ అటు ఒరుగుతుంది. అందుకని తీయకముందే సంప్ కింద, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి కింద, వెడల్పాటి చెక్క వేసి జాకీతో ఆనించు. చెక్క లేకుండా ఆనిస్తే సంప్ సొట్టపడుతుంది. ఎత్తాలని చూడకు, ఆనితే చాలు.

మూడో బరువు గేర్‌బాక్స్‌ది. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. బోల్టులన్నీ ఊడాక కూడా గేర్‌బాక్స్ పడిపోదు, దాని ఇన్‌పుట్ షాఫ్టు క్లచ్ ప్లేటు మధ్యలో దూరి ఉంటుంది కాబట్టి. అది ఆగింది కదా అని వదిలేసి టీ తాగడానికి వెళ్ళావో, బరువంతా ఆ షాఫ్టు మీద, ప్లేటు మీద పడుతుంది. తీసేటప్పుడు పాత ప్లేటే కాబట్టి దానికి వచ్చే నష్టం లేకపోవచ్చు. బిగించేటప్పుడు మాత్రం కొత్త ప్లేటు హబ్ వంగిపోతుంది. ఒకసారి నాతో పనిచేసే కుర్రాడు అలా అర నిమిషం వదిలేశాడు. బండి బిగించి నడిపితే క్లచ్ పూర్తిగా తొక్కినా రివర్సు గేరు కరకరమంటూ పడేది. మొత్తం మళ్ళీ విప్పి ఇంకో ప్లేటు వేయాల్సి వచ్చింది. కాబట్టి ట్రాలీ జాకీ మీద పాత టైరు ముక్క వేసి గేర్‌బాక్స్ కింద ఆనించి, ఒకరు జాకీ, ఒకరు గేర్‌బాక్స్ పట్టుకోండి. తిన్నగా పక్కకు లాగాలి. షాఫ్టు పూర్తిగా బయటికి వచ్చేదాకా కిందకు దించకూడదు.

గేర్‌బాక్స్ దిగాక లోపల నల్లటి దుమ్ము కనిపిస్తుంది. ఊదకు, గాలి కొట్టించకు. పాత ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తుల్లోకి పోతే చాలా ప్రమాదం. మాస్కు వేసుకుని తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవరులో కట్టి పారెయ్యి.

ప్రెషర్ ప్లేటు బోల్టులు ఒక్కొక్కటీ పూర్తిగా విప్పకు. ఎదురెదురువి తలా అర చుట్టు చొప్పున వదులు చేసుకుంటూ రా, లేకపోతే వంకర పోతుంది. చివరి బోల్టు ఊడేటప్పుడు ప్లేటు కింద పడకుండా చెయ్యి అడ్డం పెట్టు. పాత ప్లేటు చేతికి రాగానే వెలుతురులోకి తెచ్చి చూడు. ప్లేటు మీద అరిగే పైపొరను పట్టి ఉంచే రివెట్ల తలలు ఆ పైపొరకంటే లోతుగా ఉండాలి. వేలి గోరు పెడితే రివెట్టు గుంట తగలకుండా నున్నగా జారిపోతే, సరైన సమయంలో విప్పావు. ఆయిల్ అంటి నల్లగా జిడ్డుగా ఉంటే, కొత్తది వేసినా నెలలో పోతుంది. వాసన చూడు. గంధకం లాంటి ఘాటు వాసన వస్తే గేర్ ఆయిల్, అంటే ఇన్‌పుట్ షాఫ్టు సీలు లీకవుతోంది. ఆ ఘాటు లేకపోతే ఇంజన్ ఆయిల్, క్రాంక్ (ఇంజన్ ప్రధాన ఇరుసు) సీలు మార్చాలి. ఏదైనా ఇప్పుడే మార్చు. సీలు ఖరీదు తక్కువ, మళ్ళీ ఇదంతా విప్పడం ఎక్కువ.

క్లచ్ ప్లేటు ఆనుకునే ఇంజన్ చక్రం, అంటే ఫ్లైవీల్, దాని ముఖం మీద అరచెయ్యి తిప్పి చూడు. గీతలు గోరుకు తగిలినా, నీలం రంగు మచ్చలు, సన్న పగుళ్ళు ఉన్నా, ఎలా కూర్చుందో దాని మీద గుర్తు గీసుకుని విప్పి లేత్ షాపుకు తీసుకెళ్ళు. పగుళ్ళు లోతుగా ఉంటే లేత్ పట్టడం కూడా వృథా, ఫ్లైవీల్ మార్చాల్సిందే. మెరుపు మాత్రమే ఉంటే ఎమెరీ కాగితంతో రుద్ది, థిన్నర్ గుడ్డతో తుడిస్తే చాలు.

సామాను సెట్టుగానే కొను: క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్. బేరింగ్ బాగానే ఉంది కదా అని పాతదే వెయ్యకు, పెట్రోలులో కడగనూ కడగకు, లోపలి గ్రీజు కరిగిపోతుంది. డూప్లికేట్ సరుకు చాలా తిరుగుతోంది, బిల్లు తీసుకో. బిగించే ముందు పాత ప్లేటు, కొత్త ప్లేటు పక్కపక్కన పెట్టి వెడల్పు, మధ్యలో పళ్ళు లెక్కపెట్టి చూడు. తేడా ఉంటే మార్చి ఇస్తానని షాపువాడి దగ్గర ముందే మాట తీసుకో.

కొత్త ప్లేటు బిగించేటప్పుడు అది ఫ్లైవీల్‌కు సరిగ్గా మధ్యలో ఉండాలి. లేకపోతే గేర్‌బాక్స్ షాఫ్టు ఎన్ని గంటలు తోసినా దూరదు. ప్లేటును మధ్యలో నిలబెట్టే డమ్మీ షాఫ్టు షాపులో దొరికితే మంచిది. దొరక్కపోతే మేము చేసిన పద్ధతి చెబుతాను. బాక్సు పానా ఎక్స్‌టెన్షన్ రాడ్డుకు కొస దగ్గర ఇన్సులేషన్ టేపు చుట్టుకుంటూ రా, క్రాంక్ మధ్యలోని గుంటలో ఆడకుండా పట్టేదాకా. దానికి కాస్త వెనకగా ఇంకో చోట, ప్లేటు పళ్ళ మధ్యలో సరిగ్గా పట్టేలా చుట్టు. దాని మీద ప్లేటు ఎక్కించి, ప్రెషర్ ప్లేటు బోల్టులు చేత్తో బిగించు. ఇప్పుడు చూపుడువేలి కొసతో ప్లేటు అంచు చుట్టూ తడుముతూ వెళ్ళు. ఒక వైపు బయటికి, ఒక వైపు లోపలికి తగిలితే సర్దు. కళ్ళకంటే వేలికే ఆ తేడా బాగా తెలుస్తుంది. అన్ని వైపులా ఒకేలా తగిలాక, మళ్ళీ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించు. ప్లేటు ఏ వైపు ఫ్లైవీల్‌కు ఉండాలో దాని మీదే రాసి ఉంటుంది. స్ప్రింగుల హబ్ పొడుచుకొచ్చిన వైపు బయటికి, నీ వైపుకు ఉండాలి. పైపొరకు గ్రీజు చేతులు తగలనివ్వకు. షాఫ్టు పళ్ళకు గ్రీజు సన్నగా పూస్తే చాలు. ఎక్కువైతే తిరిగేటప్పుడు చిమ్మి ప్లేటు మీదే పడుతుంది.

గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు తొందరపడకు. వేలి మందం ఖాళీ దగ్గర ఆగిపోతే పళ్ళు కలవలేదని అర్థం. ఒకరు గేర్‌బాక్స్‌ను తిన్నగా పట్టుకోండి, ఇంకొకరు క్రాంక్ పుల్లీ నట్టు మీద పానా వేసి కొద్దిగా తిప్పండి. కలిసిన క్షణం అది దానంతటదే లోపలికి జారుతుంది. ఖాళీ ఉండగా బోల్టులతో దగ్గరికి లాక్కోవాలని మాత్రం చూడకు, గేర్‌బాక్స్‌కు బోల్టులు పట్టే చెవులు పగులుతాయి. ఆ పగిలిన చెవికి వెల్డింగ్ చేయించడం నాకెప్పుడూ ఇష్టం ఉండేది కాదు.

మిగతాదంతా విప్పిన వరస వెనక్కి. బోల్టుల బిగుతు బండి మాన్యువల్‌లో ఉన్నంతే పట్టు. బాల్ జాయింట్ బోల్టు మాత్రం నువ్వొకసారి, నీ పక్కనున్న మనిషి ఒకసారి చూడాలి. అది మర్చిపోతే చక్రం రోడ్డు మీద ఒరిగిపోతుంది. గేర్ ఆయిల్ మాన్యువల్‌లో చెప్పిన గ్రేడుదే, నింపే రంధ్రం నుంచి బయటికి కారేదాకా పొయ్యి. బండి చదునుగా ఉన్నప్పుడే ఆ లెక్క సరిపోతుంది.

చివరిగా పెడల్ ఖాళీ సర్దు. స్టార్ట్ చేసి క్లచ్ తొక్కి, మూడు నాలుగు సెకన్లు ఆగి రివర్సు వెయ్యి. చప్పుడు లేకుండా పడితే పని సరిగ్గా కుదిరింది. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగా తోలు, ట్రాఫిక్‌లో క్లచ్ మీద కాలు ఆనించి ఉంచకు. ప్లేటు సర్దుకున్నాక పెడల్ ఖాళీ మారుతుంది, 500 కిలోమీటర్లకు మళ్ళీ చూసుకో.

మా షెడ్డులో ఇద్దరం కలిస్తే ఒక పూటలో అయ్యేది. నీకు రెండు రోజులు పడుతుంది. పట్టనీ. శనివారం పొద్దున్నే మొదలుపెట్టు, చీకటి పడితే ఆపెయ్యి. గేర్‌బాక్స్ దించే ముందు నాకు వీడియో కాల్ చెయ్యి. జాకీ ఎక్కడ పెట్టావో చూపించాకే చివరి బోల్టు విప్పు.

ఇట్లు
పెదనాన్న