మెడ వెనక నొప్పికి కరెంటు: సునీతకు పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి సునీతకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న ఫోన్‌లో నువ్వు థైరాయిడ్ ఆపరేషన్ కోత గురించి కన్నా మెడ వెనక నొప్పి గురించే ఎక్కువ చెప్పావు. "కోసింది ముందు కదా పెద్దమ్మా, నొప్పి వెనక ఎందుకు? నరం ఏమైనా తెగిందా?" అని భయపడ్డావు. అల్లుడుగారు టెన్స్ మెషీన్, అదే చర్మం మీద ప్యాడ్లు అంటించి కొద్దిపాటి కరెంటుతో నొప్పి తగ్గించేది, తెప్పించారని, పెట్టుకోవాలో వద్దో తెలియక పెట్టె అలాగే ఉంచానని కూడా అన్నావు. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను. నా ఉద్యోగమంతా ఆస్పత్రి ఫిజియోథెరపీ గదిలోనే గడిచింది. థైరాయిడ్ తీయించుకుని, మెడ బిగుసుకుపోయి, ఇదే ప్రశ్నతో వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను.

ముందు నరం సంగతి. థైరాయిడ్ గ్రంథి మెడ ముందు భాగంలో ఉంటుంది. అది సర్జన్‌కు బాగా కనబడాలని, మత్తు ఇచ్చాక భుజాల కింద దిండులాంటిది పెట్టి తలను వెనక్కి వాలుస్తారు. ఆపరేషన్ అయ్యేదాకా, ఒక్కోసారి గంటల తరబడి, మెడ అలాగే ఉంటుంది. మెలకువగా ఉంటే మనం అంతసేపు అలా ఉండలేం, నొప్పి పుట్టగానే కదులుతాం. మత్తులో ఉన్నవాళ్ళు కదలలేరు. అందుకే మెడ వెనక, తల వెనక, భుజాల మీద నొప్పి వస్తుంది. నీకు ముందే కంప్యూటర్ పనితో మెడ పట్టేసే అలవాటుంది కాబట్టి కాస్త ఎక్కువే వచ్చింది.

దీనికి నువ్వు తెలియకుండా ఇంకొకటి జతచేస్తున్నావు. కుట్లు లాగుతాయేమోనన్న భయంతో గడ్డం కిందికి దించి, భుజాలు పైకి లాక్కుని కూర్చుంటున్నావు. వీడియో కాల్‌లో చూశాను. పక్కకు చూడాలన్నా మెడ తిప్పకుండా మనిషంతా తిరుగుతున్నావు. రోజంతా అలా బిగబట్టి ఉంచితే, ఆపరేషన్ బల్ల మీద వచ్చిన నొప్పి తగ్గాక కూడా ఈ నొప్పి మిగులుతుంది. కరెంటు నొప్పిని కాసేపు తగ్గిస్తుంది, అంతే. ఆ కాసేపట్లో మెడ కదిలించుకోవలసింది నువ్వే. కదలకుండా మెషీన్ ఒక్కటే పెట్టుకుంటే మర్నాటికి మళ్ళీ మొదటికొస్తుంది.

అసలు కరెంటు పెడితే నొప్పి ఎందుకు తగ్గుతుందన్నావు. మోకాలికి దెబ్బ తగిలితే వెంటనే చేత్తో రుద్దుకుంటాం కదా, ఉపశమనంగా ఉంటుంది. స్పర్శను తీసుకెళ్ళే నరాలు లావుగా, వేగంగా ఉంటాయి. నొప్పిని తీసుకెళ్ళేవి సన్ననివి. స్పర్శ ఎక్కువగా చేరుతుంటే వెన్నుపాము దగ్గరే నొప్పి కబురుకు దారి తగ్గుతుందని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో చెప్పారు. టెన్స్ మెషీన్ చిన్న చిన్న కరెంటు తరంగాలతో చర్మం మీదుగా ఆ స్పర్శ నరాలనే కదిలిస్తుంది. ఇందులో మందు లేదు, సూది లేదు. థైరాయిడ్ ఆపరేషన్ జరుగుతుండగానే మెడ, భుజాల వెనకుండే ట్రపీజియస్ కండరాల మీద టెన్స్ పెట్టి చూసిన కొరియా డాక్టర్లు, ఆ తర్వాత మెడ వెనక నొప్పి తక్కువగా ఉందని 2015లో రాశారు. అంటే ఇది ఎవరో సరదాగా చెప్పే మాట కాదు. అలాగని అందరికీ ఒకేలా పనిచేయదు. కొందరికి మెషీన్ తీసిన గంటకే నొప్పి తిరిగొస్తుంది, కొందరికి పూటంతా హాయిగా ఉంటుంది.

పెట్టె తెరిచాక మొదట అది నిజంగా టెన్స్ మెషీనో కాదో చూడు. ఆన్‌లైన్లో కండరాన్ని ఎగరేసే మసాజ్ మెషీన్లు కూడా ఇదే రూపంలో అమ్ముతున్నారు. కండరం ఎగరడం ఇప్పుడు నీకు అక్కర్లేదు. టెన్స్ అని స్పష్టంగా రాసి, ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్ని తరంగాలు), పల్స్ విడ్త్ (ఒక్కో తరంగం ఎంతసేపు) మార్చుకునే వీలుంటే మంచిది. లేకపోతే తిప్పి పంపించేయమను.

ఇక ఎక్కడ పెట్టాలన్నది. అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది ఇదేనమ్మా. ప్యాడ్లు మెడ వెనకే పెట్టాలి, ముందు గానీ పక్కల గానీ ఎప్పుడూ పెట్టకూడదు. మెడ పక్కల, దవడ కింద పెద్ద రక్తనాళం దగ్గర బీపీని కనిపెట్టుకుని ఉండే చోటు ఒకటి ఉంటుంది. అక్కడ కరెంటు తగిలితే బీపీ పడిపోయి, గుండె నెమ్మదించి, కళ్ళు తిరిగి పడిపోవచ్చు. గొంతు ముందు పెడితే గొంతులోని కండరాలు బిగుసుకుని ఊపిరి ఆడకపోవచ్చు. పైగా నీకు కోత చుట్టూ చర్మం ఇప్పుడు మొద్దుబారి ఉంటుంది, కొన్ని నెలలు అలాగే ఉండొచ్చు. స్పర్శ తెలియని చోట కరెంటు ఎంత పెరిగిందో తెలియదు, చర్మం కాలినా తెలియదు. "ముందు కూడా లాగుతోంది, ఒక ప్యాడ్ అక్కడ పెడితే ఏం?" అనే ఆలోచనే రానివ్వకు.

జడ పైకి చుట్టి క్లిప్పు పెట్టుకో. జుట్టు మొదలు దగ్గర నుంచి కిందికి, వెన్నెముకకు అటొకటి ఇటొకటి రెండు ప్యాడ్లు. మెషీన్‌కు నాలుగు ఉంటే మిగతా రెండూ మెడ, భుజం కలిసే చోట, నొక్కితే "అబ్బా" అనిపించే కండరం మీద, వెనక వైపు. ఏ రెండు ప్యాడ్లూ తగలకూడదు, అంగుళమైనా ఎడం ఉండాలి. ముందుగా అక్కడ సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకో. నూనె రాసిన తలతో పెడితే ప్యాడ్ అంటుకోదు, సగం ఊడి ఉంటే ఒకేచోట చురుక్కుమంటుంది. బామ్ కూడా రాయకు. మన ఇళ్ళలో నాగేశ్వరరావు పంతులుగారి అమృతాంజనం లేనిదే నొప్పి తగ్గదనుకుంటారని తెలుసు, కానీ ప్యాడ్ కింద అది చర్మాన్ని మండిస్తుంది. గొలుసు, నల్లపూసలు అన్నీ ఆ కాసేపు తీసి పక్కన పెట్టు. అత్తయ్యగారు ఏమైనా అంటే డాక్టరమ్మ చెప్పిందని చెప్పు, నేను మాట్లాడతాను.

ఫ్రీక్వెన్సీ 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య, పల్స్ విడ్త్ 100 మైక్రోసెకన్ల లోపు పెట్టు. రెండు, నాలుగు హెర్ట్జ్‌లతో గట్టిగా ఇచ్చే పద్ధతి ఒకటుంది, దానికి కండరం ఎగురుతుంది, నీకొద్దు. కరెంటు సున్నా దగ్గర ఉండగానే ప్యాడ్లు పెట్టుకుని, తర్వాత మెల్లగా పెంచు. జుమ్మని గట్టిగా తెలుస్తూ, ఇబ్బంది లేకుండా ఉన్న చోట ఆపు. నొప్పి పుట్టినా, కండరం లాగినా ఎక్కువైనట్టే. కొంతసేపటికి ఆ జుమ్మనడం తగ్గినట్టనిపిస్తే ఒక్క మెట్టు పెంచుకోవచ్చు. 20 నుంచి 30 నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు చాలు. పెట్టుకుని నిద్రపోవద్దు, స్నానానికి వెళ్ళొద్దు, స్కూటీ నడపొద్దు. తీశాక చర్మం కొద్దిగా ఎర్రగా ఉంటే ఫరవాలేదు, కాసేపటికి పోతుంది. దద్దుర్లు వస్తే, దురద తగ్గకపోతే ఆ ప్యాడ్లు మానేయ్.

మెషీన్ తీయగానే పడుకోకు. అప్పుడే కుర్చీలో నిటారుగా కూర్చుని, భుజాలు కిందికి వదిలేసి, తల నెమ్మదిగా కుడికి, ఎడమకి తిప్పు. చెవిని భుజం వైపు వంచు. భుజాలను వెనక్కి గుండ్రంగా తిప్పు. ఒక్కోటి అయిదారు సార్లు, ఊపిరి బిగబట్టకుండా. కోత దగ్గర కొంచెం లాగినట్టు ఉంటుంది, దానికి భయపడకు. సూదిలా పొడిస్తే మాత్రం ఆపేయ్. తల పూర్తిగా వెనక్కి వాల్చి పైకప్పు చూడటం సర్జన్ సరేనన్న తర్వాతే. రాత్రి రెండు దిండ్లు మానేసి, మెడకు ఆనే దిండు ఒకటే పెట్టుకో.

ఇంకో సంగతి మరిచిపోకు. నీకు థైరాయిడ్ మొత్తం తీశారు. దాని వెనకుండే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిన్నా, కొన్నాళ్ళు మందగించినా రక్తంలో క్యాల్షియం పడిపోతుంది. అప్పుడు పెదవుల చుట్టూ, వేళ్ళ చివర్లలో తిమ్మిరి వస్తుంది, చేతులు కొంకర్లు పోతాయి. టెన్స్ ఇచ్చే జుమ్మనడం ప్యాడ్ల దగ్గరే ఉంటుంది, స్విచ్ ఆపగానే పోతుంది. మూతి దగ్గరా, వేళ్ళలో తిమ్మిరిని చూసి "మెషీన్ వల్లేలే" అని ఊరుకోవద్దు, ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి. క్యాల్షియం మాత్ర, థైరాయిడ్ లేని లోటు తీర్చే థైరాక్సిన్ మాత్ర మాత్రం కలిపి వేసుకోకు. థైరాక్సిన్ పొద్దున్నే పరగడుపున, క్యాల్షియం దానికి కనీసం నాలుగు గంటల ఎడంతో.

గొంతు ముందు వాపు పెరిగినా, ఊపిరి అందకపోయినా మెషీన్ సంగతి, నా ఉత్తరం సంగతి వదిలేసి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి. జ్వరం వచ్చినా, కోత ఎర్రబడి చీము కారినా, నొప్పి చేతిలోకి దిగి పట్టు తగ్గినా ఆ రోజే సర్జన్‌కు చూపించు.

నీ బయాప్సీలో క్యాన్సర్ లేదని వచ్చింది, గుండెకు పేస్‌మేకర్ లేదు, ఫిట్స్ లేవు, గర్భం లేదు. అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను. నీ పక్క బెడ్ ఆవిడ నంబర్ తీసుకున్నానన్నావు కదా, ఆవిడకు ఈ ఉత్తరం పంపించకు. ఆవిడకు మెడలో లింఫ్ గ్రంథులు కూడా తీశారన్నావు. అలాంటివాళ్ళకు భుజం ఎత్తలేకపోవడం వేరే కారణంతో రావొచ్చు, వైద్యం వేరు. వాళ్ళ డాక్టరుతో మాట్లాడుకోమను.

నువ్వు కూడా సర్జన్‌ను అడగకుండా మొదలుపెట్టకు. ఈ వారం చూపించుకోవడానికి వెళ్ళేటప్పుడు మెషీన్ పెట్టెతో సహా పట్టుకెళ్ళు. "మెడ వెనక టెన్స్ పెట్టుకోవచ్చా, తల ఎంతవరకు తిప్పొచ్చు" అని ఈ రెండూ అడుగు. వీలైతే అక్కడి ఫిజియోథెరపిస్టు చేత మొదటిసారి ప్యాడ్లు పెట్టించుకుని, అల్లుడుగారిని ఫోటో తీయమను, ఇంట్లో చూసి పెట్టడానికి పనికొస్తుంది. ఆ ఫోటో నాకూ పంపించు.

ప్రేమతో
మీ పెద్దమ్మ